వాడి గురించి అడిగిన నాలుగు ప్రశ్నలు

మా అత్తగారికి దేవుడితో మాట్లాడాలంటే ఒళ్ళో పుస్తకం ఉండాలి. పొద్దున్నే ఉదయకాల ప్రార్థన క్రమం, సందెవేళ సాయంకాల ప్రార్థన క్రమం. రెండూ ఆవిడకి కంఠతా వచ్చు. అయినా పుస్తకం తెరిస్తేగానీ నోరు విప్పరు. కృష్ణా జిల్లాలో మిషను బడి పంతులమ్మగా చేసి రిటైరయిన మనిషి. వాళ్ళ తాతల కాలంలో వచ్చిన ఆంగ్లికన్ దొరలు నేర్పిన పద్ధతి అది. దొరలు వెళ్ళిపోయారు, సంఘాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి, కొత్త ఆరాధన పుస్తకాలు వచ్చాయి. ఆవిడ మాత్రం అట్టలు ఊడిపోయిన ఆ పాత పుస్తకాన్ని వదల్లేదు. అందులోని తెలుగు వింటుంటే నాకు తాసీల్దారు ఆఫీసు నోటీసు చదువుతున్నట్టు ఉండేది.

నేను వేరే బాపతు. మా పుట్టింటివాళ్ళది చప్పట్లు కొట్టి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఎవరికి వచ్చిన మాటలతో వాళ్ళు ప్రార్థన చేసుకునే చిన్న గుంపు. చదివే ప్రార్థన ప్రార్థనే కాదని చిన్నప్పటి నుంచి విన్నాను, నమ్మాను కూడా. పైగా నా నోరు ఊరుకునే రకం కాదు.

అవి తొంభైల ఆఖరు రోజులు. మేము చందానగర్‌లో, బొంబాయి రోడ్డు వెనక సందులో, మేడ మీద వాటాలో ఉండేవాళ్ళం. మాదాపూర్ గుట్టలు పగలగొట్టి అద్దాల మేడలు లేపుతున్నారు. నేను అక్కడే ఒక అద్దె భవనంలో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఉద్యోగం చేసేదాన్ని. అమెరికా డాక్టర్లు తమ రోగుల గురించి టేపులో చెప్పింది చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని విని టైపు చేయాలి. రోగిలో పెద్ద విశేషం ఏమీ లేకపోతే డాక్టరు "నా మామూలు పేరా పెట్టెయ్యండి" అనేవాడు. కంప్యూటర్లో ముందే దాచిపెట్టిన పేరా తీసి అతికించేవాళ్ళం. దాన్ని టెంప్లేట్ అనేవాళ్ళు.

ఒక సాయంత్రం అత్తగారి ప్రార్థన అయ్యేదాకా ఆగి, "మా ఆఫీసులో కూడా ఇంతేనండీ అత్తయ్యగారూ, అందరికీ ఒకటే టెంప్లేట్. దేవుడికి విసుగు పుట్టదూ?" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి పమిట చెంగుతో తుడుచుకున్నారు. "నా సొంత మాటలు నీ మీద విసుక్కోవడానికే చాలడం లేదమ్మాయ్. ఇంక దేవుడికేం మిగులుతాయి?" అన్నారు.

మా ఆయన పేపరు వెనకాల ముఖం దాచుకుని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది, నవ్వు కూడా వచ్చింది. ఆవిడతో వాదన పెట్టుకుంటే చివరిమాట ఎప్పుడూ ఆవిడదే.

కడుపుతో ఉన్నప్పుడు నేనొక పేరు అనుకున్నాను. మగపిల్లాడే అని నాకెందుకో గట్టి నమ్మకం. ఆఫీసు బస్సులో కిటికీ పక్కన కూర్చుని లోపల లోపలే ఆ పేరుతో పిలుచుకునేదాన్ని. ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా. పుట్టకముందే పేరు బయటపెడితే అచ్చిరాదని మా అమ్మమ్మ అనేది. మనం అలాంటివి నమ్మమని పదిమందికీ చెబుతూనే ఆవిడ అన్నీ నమ్మేది. నేనూ అంతే అయ్యాను.

ఏడో నెలలోనే నొప్పులొచ్చాయి. కూకట్‌పల్లిలో ఒక నర్సింగ్ హోమ్‌లో కాన్పయింది. మగపిల్లాడే. గుడ్డలో చుట్టి ఒక్కసారి చూపించారు. ఎర్రగా, ముడుచుకుని, కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఏడవలేదు. ఊపిరి సరిగా అందడం లేదు, నెలలు నిండని పిల్లల్ని వెచ్చగా ఉంచే అద్దాల పెట్టె ఇక్కడ లేదు, వెంటనే పిల్లల ఆసుపత్రికి తీసుకుపోవాలి అన్నారు. మా ఆయనా అత్తగారూ వాడిని తీసుకుని వెళ్ళిపోయారు. నేను మంచం మీద ఉండిపోయాను. వాడిని ప్రాణంతో చూడటం నాకు అంతే దక్కింది.

మా గుంపు ఆడవాళ్ళు వచ్చి మంచం చుట్టూ నిలబడి గట్టిగా ప్రార్థన చేశారు. పిల్లాడు బతుకుతాడని దేవుడు తమకి చూపించాడన్నారు. నేనూ గొంతు కలిపాను, నాకు తెలిసిన ప్రతి మాటా వాడాను. నాలుగో రోజు పొద్దున్నే పిల్లాడు పోయాడని కబురొచ్చింది. ఆ కబురు విని మళ్ళీ వచ్చిన వాళ్ళలో ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "నీ విశ్వాసంలోనే ఎక్కడో లోపముందమ్మా, సరిచూసుకో" అంది. పుండు మీద కారం చల్లడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ఆవిడ చెయ్యి విదిలించేశాను. తర్వాత ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంటే ఒక్క మాట రాలేదు. వచ్చినవన్నీ తిట్లే.

నన్ను ఇంటికి చేర్చిన కాసేపటికి కింద ఆటో ఆగితే కిటికీలోంచి చూశాను. ముందు అత్తగారు దిగారు. తర్వాత మా ఆయన దిగాడు, చేతులు ఖాళీగా ఉన్నాయి. ఆ తర్వాత ఆసుపత్రి ఆయమ్మ దిగింది. పిల్లాడు ఆవిడ చేతుల్లో ఉన్నాడు. మా ఆయన చేతులు వణికిపోతుంటే "నువ్వు పట్టుకోలేవు సార్, నేనొస్త" అని డ్యూటీ వదిలి తనే తెచ్చిందట. మదీనాగూడ దగ్గరి పాత ఊరి మనిషి. వాళ్ళ పొలాలు అపార్టుమెంట్లయిపోతే ఆసుపత్రిలో పనికి కుదిరింది. వాడిని నా పక్కన పడుకోబెట్టి, తలుపు దగ్గరకు పోయి నిలబడింది.

అప్పటికే మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, వచ్చి ఉన్నారు. ప్రభుత్వ ఆఫీసులో పెద్ద గుమాస్తా. చెడ్డవాడు కాదు, ఏ పనైనా త్వరగా తేల్చెయ్యాలనే మనిషి. "పురిటి పిల్లాడు, బాప్తిస్మం కూడా కాలేదు. గోడ పక్కన చోటు అడుగుదాం. ఒక చిన్న ప్రార్థన చేయించి పెట్టేసి వచ్చేద్దాం. అమ్మాయి చిన్నపిల్లే, దేవుడి దయవల్ల మళ్ళీ కడుపు పండుతుంది" అన్నారు.

గోడ పక్కన అంటే ఏమిటో నాకు తెలుసు. అత్తగారివాళ్ళ సంఘం సమాధుల తోటలో బాప్తిస్మం కాని పసిపిల్లల్ని ప్రహరీ వారన పెట్టేవాళ్ళు. భూస్థాపన క్రమం, అంటే పాతిపెట్టేటప్పుడు చదివే ప్రార్థనలు, బాప్తిస్మం లేనివాళ్ళకి చదవకూడదని పాత పద్ధతి. అక్కడ పేరుండదు, రాయి ఉండదు, గడ్డి కోసేవాడు తొక్కుకుంటూ పోతాడు. ఇన్నాళ్ళూ అది నాకు పట్టని సంగతి. ఇప్పుడు పట్టింది. నా కొడుకు గోడ పక్కకి పోతాడు, పుట్టనట్టే లెక్క.

"గోడ పక్కన ఎందుకు పెడతారు? బాప్తిస్మం అయింది" అన్నారు అత్తగారు.

అందరం ఆవిడ వంక చూశాం. ఆవిడ ఎవరి వంకా చూడలేదు. "అయ్యగారికి కబురంపాను. వచ్చాక ఆయనతోనే చెబుతాను" అని నా మంచం చివర కూర్చున్నారు.

మేము పాదిరిని అయ్యగారు అంటాం. ఆ చుట్టుపక్కల మా కుటుంబాలు ఆదివారం ఒక బడి హాల్లో కూడుకుంటుంటే, రిటైరయి అక్కడే ఉంటున్న ఈయన వచ్చి ఆరాధన నడిపేవారు. పంచె మీద నల్లకోటు, భుజాన గుడ్డసంచి, మెట్లెక్కితే ఆయాసం. పైకి వచ్చి, పిల్లాడి ముఖం మీద గుడ్డ తీసి చూశారు. తర్వాత కుర్చీలో కూర్చుని సంచిలోంచి పుస్తకం తీశారు. పాదిరి లేకుండా, గుడి బయట ఇచ్చిన బాప్తిస్మం చెల్లిందో లేదో తేల్చడానికి ఆయన అడగాల్సిన ప్రశ్నలు అందులో ఉంటాయట.

"ఈ శిశువుకు బాప్తిస్మమిచ్చినది ఎవరు?" అని చదివారు.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చేసింది. "ఏంటండీ ఇది? పసివాడి శవాన్ని పక్కన పెట్టుకుని కోర్టులో సాక్షుల్ని అడిగినట్టు అడుగుతారా? ఆ పుస్తకం తప్ప మీకు గుండె లేదా?" అని అరిచాను. మా ఆయన కంగారుపడి నా భుజం పట్టుకున్నాడు. బావగారు "బాలింత, పట్టించుకోకండి అయ్యగారూ" అన్నారు.

అయ్యగారు పుస్తకం మూయలేదు. "ఉందమ్మా. ఉంది కాబట్టే అడుగుతున్నాను. పెద్దమనిషి పోతే ఏం చదివాడు, ఏం కట్టాడు, ఎందరు పిల్లలు అని ఊరంతా అడుగుతుంది. వీడి గురించి అడగడానికి ఉన్నవి నాలుగు ప్రశ్నలే. అవి కూడా నేను అడగకపోతే ఇంకెవరూ అడగరు" అన్నారు. ఆయాసం తీర్చుకుని అదే ప్రశ్న మళ్ళీ చదివారు.

అత్తగారు తలుపు వైపు చెయ్యి చూపించారు. "ఈవిడ" అన్నారు.

ఆయమ్మ బిత్తరపోయి రెండడుగులు వెనక్కి వేసింది. అప్పుడు అత్తగారు చెప్పారు. ఆ పెట్టెలున్న గదిలోకి బయటివాళ్ళని రానివ్వరు. రెండోరోజు మధ్యాహ్నం డాక్టరు, పూట గడవడం కష్టం అన్నాడు. అత్తగారు కాళ్ళావేళ్ళా పడ్డా లోపలికి వదల్లేదు. ఇంక చేసేది లేక, లోపలికి పోయే ఆయమ్మని వరండాలో నిలబెట్టి బాప్తిస్మం మాటలు నేర్పారు. తప్పు పలికితే మళ్ళీ చెప్పించి, మళ్ళీ చెప్పించి, బడిపిల్లలకి ఎక్కాలు నేర్పినట్టే నేర్పారు.

"అమ్మా! హిందూ ఆవిడ చేత ఇప్పించావా? నువ్వా ఈ పని చేసింది?" అన్నారు బావగారు.

అయ్యగారు చెయ్యెత్తారు. "ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరిచ్చినా చెల్లుతుందని మా పెద్దలు చెప్పారు. ఇవ్వాలనే మనసుతో ఇస్తే చాలు" అని ఆయమ్మని దగ్గరికి రమ్మన్నారు. "అక్కడ ఎవరెవరున్నారమ్మా అప్పుడు?"

ఆయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేనున్న సార్. అమ్మ అద్దం అవుతల ఉండె. నర్సమ్మ ఉండె గాని ఆమె పనిల ఆమె ఉండె." కొంచెం ఆగి, "పిలగాడుండె గద" అంది.

"దేనితో ఇచ్చావు?"

"నీళ్ళతోనే సార్. కాంచి సల్లార్చిన నీళ్ళు. దూది ముంచి నొసటి మీద పెట్టిన, అమ్మ జెప్పినట్టు మూడుసార్లు. సల్లగ తాకంగనే కండ్లు తెరిచిండు."

నేను లేచి కూర్చున్నాను. "కళ్ళు తెరిచాడా?"

"తెరిచిండమ్మా. నా దిక్కే జూసిండు. జరసేపు జూసి మల్ల మూసుకుండు."

"ఎలా ఉన్నాయి?"

"నల్లగ, ఇంతింత. నీ కండ్లే అమ్మా."

వాడి కళ్ళ సంగతి ఎవరూ నాకు చెప్పలేదు. డాక్టరు మా ఆయనకి ఊపిరితిత్తుల గురించి చెప్పాడు, మా ఆయన వచ్చి నాకు అదే చెప్పాడు. వాడు ఒకసారి కళ్ళు తెరిచి ఒక మనిషి వంక చూశాడని, ఆ పుస్తకంలో అలాంటి ప్రశ్న ఉండబట్టి తెలిసింది. నేను ఇంకా ఏదేదో అడిగాను. గుప్పిట బిగించేవాడా, ఎటు తిరిగి పడుకునేవాడు, ఏడ్చాడా ఎప్పుడైనా. ఆయమ్మ అన్నిటికీ చెప్పింది. ఒకసారి పిల్లికూనలాగ ఏడిచిండంది. అయ్యగారు పుస్తకంలో వేలు పెట్టుకుని, నా ప్రశ్నలు అయిపోయేదాకా ఊరుకున్నారు. బావగారు గడియారం చూసుకుంటుంటే ఆయన వంక ఒక చూపు చూశారు.

"ఇక చివరిదమ్మా. ఏ మాటలతో ఇచ్చావు?" అని అడిగారు.

ఈ ప్రశ్న వినగానే అత్తగారి ముఖం పాలిపోయింది. చేతుల్లో పమిట చెంగు నలుగుతోంది. ఎప్పుడూ తొణకని మనిషి అలా అయిపోవడం నేను చూడలేదు. "తప్పు నాదేనండీ అయ్యగారూ. ఆవిణ్ణేమీ అనకండి" అన్నారు.

పాత పుస్తకంలో బాప్తిస్మం మాటలకి ముందు బిడ్డ పేరు పలకాల్సిన చోట ఖాళీ ఉంటుంది. పేరు చెప్పి మొదలుపెట్టాలి. అత్తగారు ఆ మాటల్ని పుస్తకంలో ఉన్నవి ఉన్నట్టు నేర్పారు. "ముందు పేరు, తర్వాత ఇలా అనాలి" అని అన్నిసార్లూ చెప్పారు గానీ, ఏ పేరో చెప్పడం మరిచిపోయారు. చెప్పడానికి మా ఇంట్లో పేరంటూ అనుకుని ఉంటే కదా. అనుకున్న పేరు నా ఒక్కదాని కడుపులో ఉంది. ఆయమ్మ లోపలికి పోయి దూది తీశాక అత్తగారికి గుర్తొచ్చింది. అప్పటికి తోచిన మా మామగారి పేరు చెబుతూ అద్దం మీద రెండు చేతులతో బాదారట.

"నాకేం ఇనవడలే సార్" అంది ఆయమ్మ. "అమ్మ అద్దం గొట్టుడు జూసి, టైం అయితుందేమో, పాణం పోతదేమో అని పరేషానైన. నేను పిలగాన్ని ఏం పేరు పెట్టి పిలుస్తుంటినో గదే అన్న. ఎన్క అమ్మ నేర్పిన మాటలే అన్న, ఒక్కటి తప్పలే."

"ఏం పేరు?"

ఆవిడ చెప్పింది. వాళ్ళ ఊరికి దగ్గర్లో కొండ మీది దేవుడి పేరు. "మా దిక్కు ఇంటికొకడు ఉంటడు సార్ గా పేరోడు. గట్టి పేరు. గట్టిగుంటడని పెట్టుకున్న" అంది.

బావగారు నెత్తి కొట్టుకున్నారు. "నాలుగు తరాల నుంచి సంఘంలో ఉన్న కుటుంబం మనది! ఆ పేరు పెట్టి సమాధుల తోటలో ప్రార్థన చదివితే నలుగురూ నవ్వరూ? అయ్యగారూ, మీరే ఇప్పుడొక మంచి పేరు పెట్టి ఆ నాలుగు చుక్కలూ చల్లెయ్యండి. కాదంటారా, పేరు లేకుండా ఈ శిశువు అని చదివెయ్యండి."

"పోయినవాడికి బాప్తిస్మం ఇవ్వను. అయిపోయినదాన్ని మళ్ళీ ఇవ్వను" అన్నారు అయ్యగారు. "నీళ్ళున్నాయి, తండ్రి కుమార పరిశుద్ధాత్మల త్రిత్వ నామం ఉంది. వాడు సంఘపు బిడ్డే. గోడ పక్కకి పోడు, పూర్తి క్రమం చదువుతాను." అని నా వైపు తిరిగారు. "పేరు సంగతి మాత్రం తల్లివి నువ్వు చెప్పు. ఆ పేరు చదవమంటావా, శిశువు అనమంటావా?"

మా ఆయన నా వంక చూశాడు. నేను అనుకున్న పేరు నాలుక చివర ఉంది. ఆ నిమిషాన ఆయమ్మ మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఎవరు నువ్వు నా కొడుక్కి పేరు పెట్టడానికి? నెలల తరబడి మోసింది నేను. బస్సులో ఆ దుమ్ములో, ఆ గుంతల్లో కడుపు పట్టుకుని ఆ పేరు వల్లించుకున్నది నేను. చెప్పెయ్యాలి, ఇదే పేరని అందరి ముందూ చెప్పెయ్యాలి అనుకున్నాను.

ఆయమ్మ భయపడిపోయింది. "తప్పయిందా అమ్మా? నాకు దెల్వదు. మా దాంట్ల గింత పిలగాండ్లకు ఏం చెయ్యరు. గాని పొద్దుమాపు దగ్గరుంటి. పిలవకుంట ఎట్లుంట?"

"ఎప్పుడు పిలిచేదానివి?" అన్నాను.

"ఊకెనే అమ్మా. బట్ట మార్చేటప్పుడు, సూది గుచ్చేటప్పుడు. పాలగొట్టం పెట్టేటప్పుడు అయిపాయె బిడ్డా, అయిపాయె అని పేరు పెట్టి పిలుస్తుంటి."

నేను అనుకున్న పేరు వాడు ఒక్కసారి కూడా వినలేదు. ఆ సంగతి అప్పుడు తెలిసొచ్చింది.

"ఆ పేరే చదవండి అయ్యగారూ. బతికుండగా వాడిని ఎవరైనా పిలిచిన పేరు అదొక్కటే" అన్నాను.

పచ్చి బాలింతవి, నువ్వు రాకూడదు అన్నారు అందరూ. నేను వినలేదు. అత్తగారు నా తలకి గుడ్డ కట్టి, చెవుల్లో దూది పెట్టి, నా పక్కనే ఆటో ఎక్కారు. సమాధుల తోట గేటు దగ్గర అయ్యగారు కోటు మీద తెల్ల అంగీ వేసుకున్నారు. ఒక పక్క చంక కింద చిరుగు ఉంది. మా ఆయన చేతుల మీద పెట్టె, ముందు అయ్యగారు, గేటు దగ్గర్నుంచే చదవడం మొదలుపెట్టి నడిచారు. పెద్దవాళ్ళ శవానికి ఎలా నడుస్తారో అలాగే నడిచారు, అంతే నెమ్మదిగా.

ఒక్క ముక్క తగ్గించలేదు. మనిషి రోజులు కొద్ది అనే మాట ముసలివాళ్ళ సమాధుల దగ్గర ఎన్నోసార్లు విన్నదే, వాడికి చదివితే నిజంగా నిజమైంది. ఎవరైనా మనసుకి తోచింది మాట్లాడి ఉంటే పాపం పసివాడు, పువ్వులాంటి వాడు, దేవుడు తన తోటలోకి తీసుకున్నాడు అని ఏదో ఒకటి అనేవాళ్ళు. నేను అక్కడే వాళ్ళ మీద పడి కొట్టేదాన్ని. ఈ పాత పుస్తకం వాడిని జాలిగా చూడలేదు. మన సహోదరుడు అంది. మూరెడు లేనివాడు మా బావగారికి సహోదరుడు, ఆ ముసలి అయ్యగారికి సహోదరుడు. ఏడుస్తూ ఏడుస్తూనే నాకు గర్వం వేసింది. నా కొడుకుని అందరిలో ఒక మనిషిగా నిలబెట్టారు.

మన్ను వేసేటప్పుడు అయ్యగారు గొంతు తగ్గించకుండా ఆ పేరు పలికారు. ఎవరూ నవ్వలేదు. ప్రార్థన ఆగినచోట అందరితో పాటు మా బావగారి నోట్లోంచి కూడా ఆమెన్ అని గట్టిగా వచ్చింది. చిన్నప్పటి నుంచి అక్కడ ఆమెన్ అని అలవాటైన నోరు మరి. మాకు వెనగ్గా నిలబడ్డ ఆయమ్మ అందరినీ చూసి చేతులు కట్టుకుంది. నేను మాత్రం ఆమెన్ అనలేదు.

దీంతో నాకు మనశ్శాంతి వచ్చేసిందని ఎవరూ అనుకోవద్దు. చాలాకాలం దేవుడితో మాటల్లేవు. ఇప్పటికీ మధ్య మధ్య కోపం వస్తుంది. కానీ ఆ తర్వాత సాయంత్రాలు అత్తగారి పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను. ఆవిడ ఒక వాక్యం చదివితే నేను రెండోది చదవాలి. అందులో కొన్ని మాటలు నేను నమ్మిన రోజులున్నాయి, ఒక్కటీ నమ్మని రోజులున్నాయి. నీ విశ్వాసం ఎంత అని ఆ పుస్తకం ఎప్పుడూ అడగలేదు. నా వంతు వచ్చినప్పుడు నేను చదవాలి, అంతే. సొంత మాటలన్నీ ఎండిపోయిన మనిషికి ఆ మాత్రం పని అప్పజెప్పడం ఎంత దయో అనుభవిస్తేగానీ తెలియదు.

తర్వాత నాకు పిల్లలు పుట్టారు. బస్సులో అనుకున్న పేరు వాళ్ళెవరికీ పెట్టలేదు. ఆయమ్మ పెట్టిన పేరు ఇక్కడ రాద్దామని ఈ కాగితాలు ముందు పెట్టుకున్నాను, రాయలేకపోయాను. ఆ పేరుతో వాడిని బతికుండగా ఆయమ్మ పిలిచింది, మన్ను వేస్తూ అయ్యగారు పిలిచారు. నేను ఇంకా పిలవలేదు.